దయయా, మమకారమా?

ఇంట పెరిగిన పిల్లికి వార్ధక్యమున మధుమేహము వచ్చుట అరుదు కాదు. అప్పుడది నీటిపాత్రను విడువదు. మాటిమాటికి మూత్రము విసర్జించును. ఎంత తినినను చిక్కిపోవును. రోగము ముదిరినచో వెనుకకాళ్ళ నాడులు బలహీనపడి, మునివ్రేళ్ళపై నడువవలసిన జీవి మడమలను నేలకానించి ఈడ్చుకొనుచు నడచును. దానికి సాధారణముగ దినమునకు 2 మారులు, 12 గంటల వ్యవధితో, చర్మము క్రింద ఇన్సులిన్ సూదిమందు ఈయవలయును. ఇది నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి సాగవలసిన నియమము.

ఇట్టి పరిచర్య చేయు గృహస్థుని లోకము రెండు విధముల ఆక్షేపించును. మనుష్యులకే మందు దొరకనిచోట పిల్లికింత సేవ ఏల యనునది మొదటి ఆక్షేపణ. ఇది దయ కాదు, మమకారము. జడభరతుని గతి తెలియదా యనునది రెండవది. ఈ రెండును తేలికగ త్రోసివేయదగినవి కావు.

రెండవదానినే ముందుగ విచారింతము. రాజ్యమును త్యజించి గండకీతీరమున తపస్సు చేయుచున్న భరతుడు ఏటిలో కొట్టుకొనిపోవుచున్న లేడిపిల్లను రక్షించెను. దానిని పెంచుచు, దానినే తలచుచు ప్రాణములు విడిచి, లేడియై జన్మించెను. ఆయన దోషమెచ్చట నున్నది? మునిగిపోవు జీవిని ఒడ్డునకు చేర్చుట దోషమైనచో ధర్మమునకు అర్థమే లేదు. లేడి కనబడనినాడు ఆయన మనస్సు అల్లాడినది. లేడి సుఖము కంటె, లేడివలన తనకు కలుగు సుఖము ఆయనకు ప్రధానమైనది. రక్షించుట దయ; 'నాది' యనుకొనుట మమకారము. బయటికి రెండును ఒక్కటిగనే కనబడును. వానిని వేరుపరచుటకు ఒక పరీక్ష కలదు: చేయు పని సేవింపబడు జీవి స్వభావము ననుసరించుచున్నదా, లేక సేవించువాని కోరిక ననుసరించుచున్నదా?

ఈ పరీక్ష మొదట ఆహారమునందే ఎదురగును. శాకాహార గృహములలో పిల్లులు పాలన్నముతోను, పెరుగన్నముతోను పెరుగుట తెలుగునాట వాడుక. కాని పిల్లి శరీరము మాంసాహారమునకై ఏర్పడినది. మధుమేహము గల పిల్లికి పిండిపదార్థము తక్కువగను, మాంసకృత్తులు ఎక్కువగను గల ఆహారమును పశువైద్యులు విధింతురు. తగిన ఆహారముతో, తొలిదశలోనే ప్రారంభించిన ఇన్సులినుతో కొన్ని పిల్లులు సూదిమందు అవసరము లేని స్థితికి వచ్చుటయు కలదు. ఇచ్చట శాకాహారియగు గృహస్థుని చేయి వెనుకాడును. ఆ వెనుకాటు గౌరవింపదగినదే. కాని వ్రతము పట్టినవాడు ఆయన, పిల్లి కాదు. తన నియమమును మరియొక జీవి కడుపుపై మోపి దానిని రోగమునకప్పగించుట అహింస కాజాలదు. ఒక ప్రాణి పోషణకు వేరొక ప్రాణి ఆహారమగుచున్న దను బాధ మిగులును. ఆ బాధను కప్పిపుచ్చుకొనక భరించుటయే ఆయనకు తగిన తపస్సు.

ఇక మొదటి ఆక్షేపణ. ఇన్సులిన్ చరిత్ర నెరిగినవాడు మూగజీవికి ఆ మందు దండుగ యని తొందరపడి పలుకజాలడు. 1889లో స్ట్రాస్‌బర్గు నగరమున కుక్క క్లోమమును తొలగించినపుడే ఆ అవయవమునకును మధుమేహమునకును గల సంబంధము తెలిసినది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అను పరిశోధకులు కుక్కలపై చేసిన ప్రయోగముల ఫలితముగనే 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునికి ఆ మందు మొదటిసారిగ ఈయబడినది. అటుపై దశాబ్దముల పాటు అది పశువుల, పందుల క్లోమములనుండియే లభించినది. సూక్ష్మజీవుల ద్వారా తయారైన మానవ ఇన్సులిన్ 1982లో వాడుకలోనికి వచ్చినది. మధుమేహముతో బాధపడిన స్వామి వివేకానందులు 1902లో దేహము చాలించునాటికి ఈ మందు లోకమునకు తెలియదు. నేడు దానివలన జీవించు ప్రతి మనుష్యుడును మూగజీవులకు ఋణపడియున్నాడు. భూతయజ్ఞమును గృహస్థుని నిత్యవిధులలో చేర్చిన మన పెద్దలు ఇట్టి ఋణమునే గుర్తించిరి.

ఐనను బిడ్డల అన్నము తీసి పిల్లికి మందు కొనుట ధర్మము కాదు. శక్తి లేనివాడు చేయగలిగినంతయే చేయవలయును, అందుకాతడు సిగ్గుపడనక్కరలేదు. కాని తన విలాసములకు వ్యయము చేయునపుడు పేదలు జ్ఞప్తికి రాక, పిల్లి మందు దగ్గర మాత్రమే జ్ఞప్తికి వచ్చినచో, ఆ తర్కము దయనుండి పుట్టినది కాదు.

సూదియందును పరీక్ష కలదు. ఇచ్చట వాత్సల్యమొక్కటియే చాలదు. మోతాదు మించినచో రక్తమున చక్కెర పడిపోయి జీవి తూలును, మూర్ఛిల్లును, మరణింపనువచ్చును. ఆహారము ముట్టని దినమున వైద్యునడుగక ఎప్పటి మోతాదును ఈయరాదు. ఒక పూట తప్పినదని మరుపూట రెండింతలు ఈయరాదు. తూలుట కనబడినచో చిగుళ్ళపై తేనెగాని చక్కెరపాకముగాని రాచి, తక్షణమే వైద్యునాశ్రయింపవలయును. ఉభయసంధ్యలను తప్పనివాని శ్రద్ధ ఇచ్చట కావలయును. ప్రతిఫలముగ కృతజ్ఞత లభింపదు. సూదిని చూచి పిల్లి మంచము క్రింద దాగుకొనవచ్చును. నిష్కామకర్మ యననేమో గ్రంథము చదివి తెలిసికొనుటకంటె ఇట తెలిసికొనుట సులభము.

దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు జగన్మాతకై ఉంచిన నైవేద్యమును ఒకమారు పిల్లికి తినిపించిరి. ఆలయాధికారి ఫిర్యాదు చేయగా మథురబాబు ఆయన జోలికి పోవలదనెను. జయరాంబాటిలో శారదాదేవి, పిల్లులను కొట్టు బ్రహ్మచారిని వారించి, వానియందును తానే కలనని తెలిపిరి. ఇది కేవలము జాలి కాదు, దర్శనము. జాలి క్రిందికి చూచును; పూజ పైకి చూచును. పూజించువాడు పూజ్యుని ఇష్టమును కనుగొనుటకు యత్నించునేగాని తన ఇష్టమును దానిపై రుద్దడు.

కడపటి పరీక్ష కఠినతమము. చికిత్స ఫలింపక, జీవి ఆహారము మాని, బాధయే మిగిలిన దినము రావచ్చును. 1928లో సబర్మతి ఆశ్రమమున తీవ్రముగ బాధపడుచున్న దూడకు గాంధీజీ మరణము కల్పించగా దేశమున గొప్ప వాదము చెలరేగినది. ప్రాణము తీయు హక్కు మనుష్యునికి లేదనువారును, బాధను తొలగించుటయే అహింస యనువారును ఇద్దరును ధర్మము పేరనే మాటాడిరి. ఏ పక్షమువాడైనను తన్ను తాను ప్రశ్నించుకొనవలసినది ఒక్కటి కలదు: తొలగింపదలచినది ఎవరి బాధ? పరిచర్యకు విసిగి అంతము చేయుట హింస. ఎడబాటునకు వెరచి, నోరులేని దేహమును మందులతో సాగదీయుట మమకారము. ఫలింపని చికిత్సను విడిచి, నొప్పిని తగ్గించుచు, గొంతు తడుపుచు, చెంతనుండుట మాత్రము ఎవ్వరికిని నిషిద్ధము కాదు.

పిల్లికూన తల్లి తన్నెచ్చట నుంచిన అచ్చటనే నిశ్చింతగ నుండునట్లు భక్తుడు భగవంతునిపై భారము వేయవలెనని మార్జాలకిశోర న్యాయము చెప్పుచున్నది. ముసలిదైన పిల్లి మనుష్యుని చేతిలో నున్నపుడు ఆ న్యాయము తలక్రిందగును. నమ్మకము పిల్లిది, భారము మనుష్యునిది. తాను భగవంతుని నుండి ఎట్టి రక్షణను కోరునో, అట్టి రక్షణనే తన్ను నమ్మిన జీవికి ఈయగలిగినవాడు ఆ ప్రార్థనకు అర్హుడగుచున్నాడు.