ఏ వీడియోను పంచుకోవచ్చు?

మా హోసూరు పిల్లలకు తెలుగు, తమిళం, కన్నడం అన్న తేడా లేదు. ఏ భాషలో మంచి వీడియో కనబడినా ఇంటికెళ్ళాక స్నేహితులకు పంపిస్తాం. పంచుకోవడం మంచి గుణమే. కానీ పంచేది ఎవరి సొత్తో కూడా చూడాలి కదా!

అరవింద్ గుప్తా గారు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో బొమ్మలు చేయడం నేర్పిస్తారు. 2018లో పద్మశ్రీ పొందిన ఆయన తన వీడియోలను అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. అవి ఎంతమందికి పంపితే అంత మంచిది. చూశాక చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది.

మరి నవ్వుకోవడానికి పంపేవి? 1928 నాటి ‘ది సర్కస్’ సినిమాలో చార్లీ చాప్లిన్ తాడు మీద నడుస్తుంటే కోతులు మీదికెక్కుతాయి. ఆయన తిప్పలు చూసి ఎంతైనా నవ్వొచ్చు. మనల్ని నవ్వించడానికే ఆయన అలా చేశారు. అదే, వానలో జారిపడిన ఒక కూరగాయల అవ్వను ఎవరో ఫోనులో తీశారనుకోండి. ఆ నవ్వు ఆమె మనకు ఇవ్వలేదు. మనమే లాక్కున్నాం.

“అందరూ చూసేశారు, మనం ఒక్కరం ఆపితే ఏం లాభం?” అంటారు కొందరు. ఆ అవ్వ మనవడి ఫోనుకు అది చేరేది మన ఒక్కరి వల్లే కావచ్చు.

అందుకే పంపే ముందు ఒక్క మాట అడుగుదాం. ఇది వాళ్ళు ఇచ్చిందా, మనం లాక్కున్నదా? ఇచ్చిందైతే పదిమందికి పంచుదాం. లాక్కున్నదైతే మన దగ్గరే ఆపేద్దాం.