సారంగధర కథాభేదాలు: విరుద్ధ కథనాలను తూచే ప్రమాణం

రాజమహేంద్రవరంలో సారంగధరుని మెట్టగా పిలిచే గుట్ట ఒకటి ఉంది. రాజరాజనరేంద్రుడు చిన్నభార్య చిత్రాంగి మాట నమ్మి, కన్నకొడుకు కాలుసేతులు నరికించిన చోటు అదేనని అక్కడివారి నమ్మకం. ఆ రాజే నారాయణభట్టుకు అగ్రహారమిచ్చిన నందంపూడి శాసనం (1053) కోనసీమది. దానిని రచించినవాడు నన్నయభట్టు. 1022లో పట్టాభిషిక్తుడైన ఈ రాజుకు అమ్మంగదేవి వల్ల కలిగిన కుమారుడు రాజేంద్రుడు. అతడే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. చెల్లూరు శాసనం చెప్పే ఈ వంశక్రమంలో సారంగధరునికి చోటు లేదు. మెట్ట ఒక మాట చెబుతున్నది, రాగిరేకు మరొక మాట చెబుతున్నది. వీటిని ఎదురెదురుగా నిలిపి ఒకదానిని కొట్టివేయడమే వ్యాఖ్యాత పనా అన్నది ప్రస్తుత విచారం.

కథకు గల రూపాలు కూడా ఒకదానితో ఒకటి పొసగవు. పదిహేనవ శతాబ్దిలో గౌరన రచించిన నవనాథచరిత్రలో ఇది మాళవదేశపు కథ, తండ్రి రాజమహేంద్రుడు, కరచరణాలు కోల్పోయిన కుమారుడు సిద్ధుని కృపతో చౌరంగి అనే నాథుడవుతాడు. పదిహేడవ శతాబ్దిలో తంజావూరు ఆస్థానకవి చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రకు వచ్చేసరికి రంగస్థలం గోదావరి తీరం, తండ్రి రాజరాజనరేంద్రుడు. రాజమహేంద్రుడన్న పేరే కథను రాజమహేంద్రవరానికి నడిపించి ఉండవచ్చు. పంజాబులో ఇటువంటి కథ పూరన్ భగత్‌ది. సియాల్‌కోట రాకుమారుడైన అతనినీ చౌరంగినాథునిగానే చెబుతారు. అశోకుని కుమారుడు కుణాలుని కన్నులు పోగొట్టిన తిష్యరక్షిత కథా, గ్రీకుల హిప్పొలిటస్ కథా ఈ కోవలోనివే. ఇన్ని దేశాలు తిరిగిన కథకు తొలి ఊరేదని వెదకడం వల్ల తేలేది స్వల్పం.

ఒకే రచయిత సృష్టించిన లోకంలో సైతం ఈ చిక్కు తప్పదు. ఆంగ్ల రచయిత టోల్కీన్ 1937లో ప్రచురించిన 'ది హాబిట్'లో ఉంగరం నాయకుని చేతికి వచ్చిన ఘట్టాన్ని 1951 నాటి ముద్రణలో మార్చాడు. పాత పాఠాన్ని తుడిచివేసి ఊరుకోక, అది నాయకుడు తన హక్కును సమర్థించుకోవడానికి మొదట చెప్పిన అబద్ధమని తరువాతి గ్రంథంలో కథకు అనువుగా సమన్వయించాడు. పాఠభేదం పాత్ర స్వభావమైపోయింది! అయితే అది కర్తకున్న అధికారం. సారంగధర కథకు అటువంటి ఏకైక కర్త లేడు. గౌరనను చేమకూర కవి సవరించాడనీ అనలేము, చెరిచాడనీ అనలేము.

మన ఆలంకారికులు ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని విభజించారు. ఈ విభాగం కవికి స్వేచ్ఛనిచ్చింది. ఆ స్వేచ్ఛ వల్ల ఒక చారిత్రక వ్యక్తికి అంటే మచ్చ సంగతి దానికి పట్టలేదు. మాళవరాజు చేసిన ఘోరం కథలో పాత్ర చేసిన ఘోరం. దానినే భారతాంధ్రీకరణకు ప్రేరకుడైన రాజుకు ఆపాదించినప్పుడు, పేరూ శాసనమూ ఉన్న మనిషి మీద నేరం పడుతున్నది. చేమకూర కవి దురుద్దేశంతో రాశాడనడానికి ఆధారం లేదు. ఆ కావ్యాన్ని చరిత్రగా చదివిన తరువాతివారిదే ఆ భారం.

కాబట్టి కథ ఎంత అద్భుతంగా ఉన్నదన్నది కాదు, దాని చేత ఏ పని చేయిస్తున్నామన్నది పరీక్షించాలి. సిద్ధుడు తెగిన అంగాలను అతికించాడంటే పాఠకునికి నష్టమేమీ లేదు. అప్పకవి విషయం అలా కాదు. అప్పకవీయం (1656) ప్రకారం నన్నయ రచించిన ఆంధ్రశబ్దచింతామణిని భీమకవి గోదావరిలో కలిపాడు. దానిని బాల్యంలో కంఠస్థం చేసిన సారంగధరుడు సిద్ధుడై చిరకాలం నిలిచి మతంగ పర్వతం వద్ద బాలసరస్వతికి అందించాడు. ఇక్కడ కావ్యనాయకుడు ఒక వ్యాకరణ గ్రంథకర్తృత్వానికి సాక్షిగా నిలుస్తున్నాడు. అద్భుతాంశం చేమకూర కావ్యంలోనూ ఉన్నదే, కానీ అక్కడ రసానికి పనికివచ్చినది ఇక్కడ రుజువుగా మారింది. రుజువుగా వచ్చినదానిని శాసనంతో, భాషతో, కాలంతో పోల్చి నిగ్గు తేల్చవలసిందే. దానికి కవిసమయపు రక్షణ చెల్లదు. పరమత విద్వేషం వంటి పెద్ద కారణాలేవీ వెదకనక్కరలేదు, పోయిన గ్రంథం దొరికిందని చెప్పడానికి ఒక చిరంజీవి అవసరమయ్యాడు.

కథ లోపలి భేదాలకు ఈ కొలత వర్తించదు. పావురం కోసం సవతితల్లి మేడకు వెళ్లిన కుమారుడు ఒక మాట, ఆమె మరొక మాట చెప్పగా రాజు రెండవదానినే విన్నాడు. అసలు ఈ కథే విరుద్ధ కథనాల విచారణ. అందులో రాజు అపరాధం అబద్ధాన్ని నమ్మడం కంటె, రెండవ పక్షాన్ని విననేలేదన్నదే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' రచించి తెలుగులో విషాదాంత నాటకానికి బాట వేసినప్పుడు, ఆ అపరాధానికి సిద్ధుని కృప అనే పరిహారం లేకుండా పోయింది. 1957 నాటి చలనచిత్రంలో చిత్రాంగి మొదట చూసినది సారంగధరుని చిత్తరువు. తాను రాజుకు భార్యనయ్యానని ఆమెకు తెలిసేది ఆ తరువాతనే. ఈ రూపంలో ఆమె అబద్ధానికి ముందే ఆమెకు జరిగిన మోసం ఒకటి ఉంది. పూర్వకావ్యంలో కేవలం కాముకిగా కనిపించిన స్త్రీ ఇక్కడ ఫిర్యాదు చేయగల మనిషైంది. తొలిపాఠమే ప్రమాణమని పట్టుబట్టితే ఈ ఫిర్యాదు వినబడదు. అర్వాచీనమని దీనిని తోసివేయడానికి పరిష్కర్తకు గల సూత్రం తాళపత్రాల పాఠనిర్ణయానికి సరిపోతుంది గాని, కథార్థ నిర్ణయానికి చాలదు. నాటక రూపాలన్నింటిలో చిత్రాంగి పలికే మాటలను వరుసగా పోల్చి చూస్తే, ఆమెకు జరిగిన మోసం కథలోకి ఏ దశలో ప్రవేశించిందో, దానితోపాటు రాజు అపరాధం ఎంత పెరిగిందో తేలుతుంది.