మేనమామ పెట్టిన అంకె

ఒక ఊళ్లో ఒక మేనమామ, ఒక మేనల్లుడు ఉండేవారు. మేనమామది మైక్‌సెట్ల దుకాణం. పెళ్లిళ్లకు, జాతరలకు, గణపతి నిమజ్జనాలకు ఆయన పెట్టెలే వెళ్లేవి. జనం డీజే కావాలని అడగడం మొదలయ్యాక ఆ పనిని మేనల్లుడు అందుకున్నాడు. కూడబెట్టిన డబ్బుతో ఒక ల్యాప్‌టాప్, యూఎస్‌బీ సౌండ్ కార్డు లోపలే ఉన్న ఒక మిక్సర్, పాటను చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పే జాగ్‌వీల్ పెట్టె కొన్నాడు. పెట్టెలు సర్దడానికి, వైర్లు అందించడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాడు.

మిక్సర్‌కు ల్యాప్‌టాప్‌ తగిలించగానే పాట వచ్చింది. వచ్చింది కదా అని అతను సెట్టింగుల జోలికి పోలేదు. మొదటి పెళ్లిలో, సరిగ్గా తలంబ్రాల వేళ, ఎవరో పంపిన మెసేజి చప్పుడు పందిరంతా మోగింది. పెళ్లివారు తలెత్తి చూశారు. అతను సిగ్గుపడి ఆ రాత్రి నిద్ర మాని సంగతి తెలుసుకున్నాడు.

మామూలు దారిలో విండోస్ అన్ని ప్రోగ్రాముల శబ్దాలనూ ఒకచోట కలిపి బయటికి పంపుతుంది. పాటతో పాటు మెసేజి మోత కూడా అలాగే వెళ్లింది. ఆ కలగలుపులోకి పోకుండా పాటను నేరుగా సౌండ్ కార్డుకు చేర్చే దారి ఇంకొకటి ఉంది. దాన్ని ఆసియో అంటారు. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన పద్ధతి అది. మేనల్లుడు మిక్సర్ తయారుచేసినవారి డ్రైవర్‌నే వెతికి ఎక్కించాడు. డీజే సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగుల్లో ఆ డ్రైవర్ పేరును ఎంచుకున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో పాట ఆడే ఒక డెక్‌ను మిక్సర్ మొదటి ఛానల్‌కు, ఇంకో డెక్‌ను రెండో ఛానల్‌కు కలిపాడు. ఛానల్ పైన ఉన్న మీటను యూఎస్‌బీ వైపు తిప్పాడు. సెకనుకు శబ్దాన్ని ఎన్ని ముక్కలుగా (శాంపిళ్లుగా) కొలుస్తారో చెప్పే శాంపిల్ రేటు సాఫ్ట్‌వేర్‌లోనూ మిక్సర్‌లోనూ 48,000 ఉండేట్టు చూశాడు. విండోస్ మోతలన్నిటినీ ల్యాప్‌టాప్ సొంత స్పీకర్‌కు మళ్లించాడు. పాట రాగానే పని అయిపోయిందనుకుని ఇంతదూరం రానివాళ్లు చాలామంది ఉంటారు. అతను వచ్చాడు, అందుకు అతన్ని మెచ్చుకోవాలి.

అక్కడే ఇంకొక గడి కనిపించింది. దాని పేరు బఫర్. అందులో 1,024 అని ఉంది.

పంక్తి భోజనంలో వడ్డించేవాడి చేతిలోని గిన్నె ఏ పని చేస్తుందో, బఫర్ ఆ పనే చేస్తుంది. గిన్నె పెద్దదైతే నింపుకుని రావడానికి సేపు పడుతుంది, కానీ వరస మధ్యలో అన్నం అయిపోదు. గిన్నె చిన్నదైతే చప్పున వస్తుంది, కానీ వంటగదికి మాటిమాటికీ పరుగెత్తాలి. వంటవాడు ఒక్కసారి ఏమరితే తర్వాతి విస్తరి ఖాళీగా ఉండిపోతుంది. కంప్యూటర్ కూడా శబ్దాన్ని అలా గిన్నెలకొద్దీ నింపి పంపుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన 1,024 శాంపిళ్లు పంపడానికి 21 మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది.

మేనల్లుడి చేతికి ఆ ఆలస్యం తెలిసింది. జాగ్‌వీల్ తాకిన క్షణానికి, పాట కదిలిన క్షణానికి మధ్య సందు ఉన్నట్టనిపించింది. అతను 512కు దించాడు. బాగుంది. 256కు దించాడు, ఇంకా బాగుంది. 128, ఆ తర్వాత 64. ఇంటి గదిలో, ఒకే పాట మీద, 64 దగ్గర చేయి, చెవి ఒకటైనట్టు అనిపించింది. చిన్న అంకెను కోరుకోవడం తప్పేమీ కాదు, స్క్రాచ్ చేసే చేతికి ఆ తేడా నిజంగానే తెలుస్తుంది. అయితే 64 దగ్గర కంప్యూటర్ సెకనుకు 750 సార్లు గిన్నె నింపాలి. ఒక్కోసారికీ దానికి దొరికేది ఒకటింబావు మిల్లీసెకనుకు కాస్త ఎక్కువ, అంతే. అతను ఆ లెక్క వేయలేదు. గదిలో పాట హాయిగా వచ్చింది గనక అంకెను అలాగే వదిలేశాడు.

మాఘమాసంలో ఒక పెద్ద బరాత్ ఒప్పుకున్నాడు. డీసీఎం బండి మీద పెట్టెలు ఎక్కించారు. ఆ రాత్రి నాలుగు డెక్కులూ తెరిచాడు. వాటి మీద ఎఫెక్టులు వేశాడు. పెళ్లివారు అడిగారని రికార్డింగు పెట్టాడు. కొత్త పాటలు దించుకోవడానికి వైఫై వదిలి ఉంచాడు. కరెంటు ఆదా చేసే పవర్ సెట్టింగును మార్చలేదు. పెళ్లికొడుకు కారు కదిలిందో లేదో, పాట మధ్యలో టపటపమని చిటపటలు మొదలయ్యాయి. పాట తెగి, అతుక్కుని, మళ్లీ తెగింది. ఆడేవాళ్ల కాళ్లు ఆగిపోయాయి.

మేనల్లుడు తప్పును బయట వెతికాడు. వైర్లు మార్చాడు, పెట్టెలు మార్చాడు, యూఎస్‌బీని ఇంకో చోట గుచ్చాడు. కుర్రాణ్ణి ఒక వైరు ఇమ్మని, అది అందేలోపే రెండోది అడిగి, రెండోది చేతికి రాకముందే మూడోది ఏదని కేకలు వేశాడు. కుర్రాడు తత్తరపడి మోగుతున్న పెట్టె వైరునే లాగేశాడు. తెల్లవారాక మేనల్లుడు కుర్రాణ్ణి పనిలోంచి మాన్పించాడు. ల్యాప్‌టాప్ పనికిరానిదని తేల్చి మూలన పడేశాడు. అప్పు చేసి ఎక్కువ ధర పెట్టి కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు, ఇంకొక కుర్రాణ్ణి తెచ్చుకున్నాడు.

కొత్త ల్యాప్‌టాప్‌లోనూ 64నే పెట్టాడు. తర్వాతి బరాత్‌లో చిటపటలు తగ్గాయి గానీ పోలేదు. కొత్త కుర్రాడు కూడా వైర్లు తారుమారు చేశాడు.

ఈ సంగతి మేనమామ చెవిన పడింది. ఆయన మూలనున్న పాత ల్యాప్‌టాప్‌ను, మిక్సర్‌ను, జాగ్‌వీల్ పెట్టెను తన దుకాణానికి తెప్పించుకున్నాడు. మేనల్లుణ్ణి, మాన్పించిన కుర్రాణ్ణి కూడా పిలిపించుకున్నాడు. ఒక మధ్యాహ్నం పూట దుకాణంలోనే బరాత్ రాత్రిని మళ్లీ సిద్ధం చేశాడు. నాలుగు డెక్కులూ తెరిపించాడు, ఎఫెక్టులన్నీ వేయించాడు, రికార్డింగు పెట్టించాడు. పవర్ సెట్టింగును పూర్తి వేగానికి మార్పించాడు. వైఫై ఆపించాడు, ఎందుకంటే దాని డ్రైవర్ నడుమ నడుమ ప్రాసెసర్‌ను తనవైపు లాక్కుంటే ఆ కాస్త సేపూ శబ్దం వేచి ఉండాల్సి వస్తుంది. అంతా అయ్యాక కళ్లు మూసుకుని విన్నాడు.

64 దగ్గర చిటపటలు వచ్చాయి. 128కి పెంచితే ఆగిపోయాయి. మేనల్లుడు అక్కడితో సరిపోతుందని లేవబోయాడు. మేనమామ లేవలేదు. ఇంకొక మెట్టు ఎక్కించి 256 దగ్గర పెట్టాడు. అప్పటికి కంప్యూటర్‌కు ఒక్కో విడతకు ఐదు మిల్లీసెకన్లకు పైగా దొరికింది. బరాత్ రాత్రి ఎవరూ ఊహించని బరువు ఏదైనా మీదపడితే మోయడానికే ఆయన ఆ పైమెట్టును ఉంచాడు. మేనల్లుడు జాగ్‌వీల్ తిప్పి చూశాడు. పాత 1,024 దగ్గర తెలిసిన సందు 256 దగ్గర అతనికి తెలియలేదు.

తర్వాత మేనమామ కుర్రాడి వైపు తిరిగి ఒక వైరు చూపించాడు. అది తగిలించేదాకా రెండోది అడగలేదు. వైర్లన్నీ ఒక్క పొరపాటు లేకుండా వాటి వాటి చోట్లకు చేరాయి. ఆ వారం పెళ్లికి అదే పాత ల్యాప్‌టాప్, అదే కుర్రాడు వెళ్లారు. బరాత్ వీధి చివరిదాకా ఒక్క పాటా తెగలేదు.

మన ఇంట్లో పాఠం తప్పే పిల్ల, మన చేతికింద తడబడే మనిషి చాలాసార్లు ఆ పాత ల్యాప్‌టాప్ లాంటివాళ్లే. వాళ్లకు చేతకాదని తీర్మానించి మార్చేయాలనుకునే ముందు, అడగడానికీ జవాబుకూ మధ్య మనం వాళ్లకు ఎంత సేపు ఇస్తున్నామో చూడాలి. ఆ సేపును కూడా తీరిక రోజు లెక్కన కాక, వాళ్ల మీద అన్ని బరువులూ ఒక్కసారి పడే రోజు లెక్కన కొలిచి, దానికి ఇంకొక మెట్టు కలిపి ఇవ్వాలి.