ముందు ఎవరు, వెనుక ఎవరు?

మనకంటే ఎదుటివారిని ముందుంచాలన్న మాట సంఘంలో తరచు వింటాం. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో చెప్పినదీ ఇదే. మాట మంచిదే. కానీ మన ఏజెన్సీ గ్రామాల్లో ఈ మాటను ఎవరు ఎవరికి చెబుతున్నారు, చివరికి వెనక్కి జరిగేది ఎవరు అన్నది ఆలోచించాలి.

ముందు మన ఇళ్ళే చూద్దాం. చాలా ఇళ్ళలో అందరూ తిన్నాక మిగిలింది ఆడవాళ్ళు తింటారు. తెల్లవారకముందే ఊటగెడ్డకు బిందె పట్టుకుని వెళ్ళేదీ వాళ్ళే. అదంతా త్యాగమని ప్రార్థనలో పొగుడుతాం. వాళ్ళకు ప్రేమ లేదని నేను అనను. అయితే ఎప్పుడూ ఒకరే వెనకుంటే, అది వాళ్ళు కోరుకున్నది కాదు, మనం వాళ్ళ మీద పెట్టినది. యోహాను సువార్త 13వ అధ్యాయంలో శిష్యుల కాళ్ళు కడిగింది యేసు ప్రభువే. ఆ కాలంలో అది పనివాళ్ళ పని. అందుకే పేతురు మొదట ఒప్పుకోలేదు. అక్కడ వంగినవాడు అందరికంటే పైనున్నవాడు. మన ఇంట్లో అన్నదమ్ములు బిందె అందుకున్న రోజున ఆ అధ్యాయం అర్థమైనట్టు.

రెండోది భూమి. క్రైస్తవుడు తగువులాడకూడదు, పోనీలే వదిలెయ్యి అనేవారున్నారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదలాయిస్తే చెల్లదని 1970లో వచ్చిన 1/70 చట్టం చెబుతోంది. అప్పు కిందనో, బినామీ పేరుతోనో భూమి జారిపోతుంటే నోరు మూసుకోవడం వినయం కాదు. అక్కడ ముందుంచవలసింది రేపు ఆ భూమి మీద బతకవలసిన పిల్లల్ని.

మూడోది ఊరు. మన ఊళ్ళలో కొన్ని ఇళ్ళవాళ్ళు చర్చికి వెళతారు, కొన్ని ఇళ్ళవాళ్ళు తాతల నాటి ఆచారం పాటిస్తారు. పండగ చందా దగ్గర మాటా మాటా పెరిగి, ఒకరి ఇంట చావుకు మరొకరు వెళ్ళని పరిస్థితి కూడా వస్తోంది. క్రైస్తవుడు మొక్కులో కలవలేకపోవచ్చు. అయినా వచ్చిన చుట్టాలకు నీళ్ళు మోయవచ్చు, చావింటికి కట్టెలు కొట్టి తేవచ్చు. దానికి విశ్వాసం అడ్డు రాదు. లూకా సువార్త 10వ అధ్యాయంలోని సమరయుడు, దారిలో పడి ఉన్నవాడు ఎవరి మనిషని అడగలేదు. యూదులకూ సమరయులకూ పొసగని రోజులవి. అయినా గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించి, సత్రంలో రెండు దేనారాలు కట్టాడు.

ఈ కథ మనకు కొత్తది కాదు. రోడ్డు లేని కొండ మీద నుంచి నిండు గర్భిణిని డోలీలో దించేటప్పుడు, కర్ర కింద ఉన్న భుజం ఏ మతానిదని ఎవరూ అడగరు. ఒకరు అలసిపోతే ఇంకొకరు భుజం మారుస్తారు. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం ఒకరి భారం ఒకరు మోయమంటుంది. ఎవరి బరువు వారే మోసుకోవాలని కూడా అంటుంది. డోలీ మోసినవాళ్ళకు ఈ రెండు మాటలూ కలిసే అర్థమవుతాయి. ఒక్కడి మీదే బరువంతా వేస్తే మోసేవాడూ పడతాడు, డోలీలో ఉన్న మనిషీ పడుతుంది.

బడిలోనూ అంతే. దూరపు ఊరి నుంచి వచ్చి, తెలుగు ఇంకా పలకలేని పిల్ల చివరి వరసలో ముడుచుకుని కూర్చుంటుంది. ఆ పిల్లను పిలిచి మన పక్కన కూర్చోబెట్టుకోవడానికి పెద్ద ప్రసంగం అక్కర్లేదు. భోజనాల దగ్గర ఆ పిల్ల పళ్ళెం ముందు నిండాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వెనక్కి జరగమని ఎవరైనా మిమ్మల్ని అడిగితే ఒక్కటి చూడండి. మీరు జరిగిన చోటులోకి వచ్చేది ఎవరు? ఎప్పుడూ వెనకుండేవారైతే సంతోషంగా జరగండి. ఎప్పుడూ ముందుండేవారే అయితే, మర్యాదగానే, మీ చోట మీరు నిలబడండి.