రసీదు లేని నిక్షేపము

మనువు వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించి, ఋణాదానము వెంటనే నిక్షేపమునకు స్థానమిచ్చెను. ఒకరి సొత్తు నింకొకరు తమ యింట భద్రపఱచి, అడిగిననాడు తఱుగులేక తిరిగి యిచ్చుట యెంతటి ధర్మముగా నెంచబడెనో దీనివలన దెలియుచున్నది. నేటి గోదాముల వ్యాపారమంతయు నీ ధర్మముమీదనే నిలిచియున్నది. రైతు మిరపబస్తాలను అప్పగించి, రసీదు పుచ్చుకొని, నిశ్చింతగా నింటికి బోవును. బస్తాలు క్షేమముగా తిరిగి యిచ్చినంత మాత్రమున గోదాము యజమాని ఋణము తీరునా? మే మడుగునది యిదియే.

అడుగుటకు కారణము కలదు. మా పాఠశాలకు సమీపమున నొక కుటుంబము మూడు తరములుగా గోదాములను, లారీలను నడుపుచున్నది. గడచిన వేసవి చివర వారు మా ఆవరణములో వేపమొక్కలు నాటించి, పర్యావరణమును గూర్చి ప్రసంగింపుడని మమ్ము గోరిరి. మేమును శాలువా కప్పించుకొని దీర్ఘముగనే ప్రసంగించితిమి.

ఆ ప్రసంగమున డెన్మార్కు దేశపు మేర్స్క్ సంస్థను ఉదాహరించితిమి. పీటర్ మేర్స్క్ మోలర్ అను నావికుడు 1886లో ‘లారా’ అను ఆవిరియోడను కొనెను. 1904లో ఆయనయు కుమారుడును ఓడల కంపెనీని స్థాపించిరి. నేటికిని దానిపై పెత్తనము ఆ వంశమువారు నెలకొల్పిన ధర్మనిధిదే. ఓడలతోపాటు గోదాములను గూడ నడుపు ఆ సంస్థ, 2040 నాటికి తన వ్యాపారమువలన గాలిలో చేరు కర్బనమును నికరముగా సున్న చేయుదుమని 2022లో ప్రకటించెను. 2023లో మిథనాలుతో నడువగల కంటైనరు ఓడను ప్రవేశపెట్టి, దానికి ‘లారా మేర్స్క్’ అని ఆ పాత యోడ పేరే పెట్టిరి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మిథనాలును బొగ్గునుండియు, సహజవాయువునుండియు కూడ చేయవచ్చుననియు, అట్లు చేసినచో ఓడ కక్కని పొగను మఱియొక చోటి కార్ఖానా కక్కుననియు మేమెఱుగుదుము. సభలో నామాట చెప్పలేదు. శాలువా కప్పినవారియెదుట అట్టి మాటలు నోట రావు.

శ్రావణమున వానలు కురిసినవి. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మూడు దినములు బడికి రాలేదు. వచ్చిన పిమ్మట కారణమడిగితిమి.

“ఇంట్లో నీళ్లు నిలిచాయి మాస్టారూ. మీరు చెప్పిన ఓడ కథ మా నాన్నకు చెప్పానండి. మన ఇంట్లోకి వచ్చే నీళ్ల సంగతి కూడా చెప్పారా అని అడిగాడండి.”

ఆ సాయంకాలము ఆ వాడకు బోయి చూచితిమి. గోదాముల రేకుల కప్పులనుండి దిగు నీరు సిమెంటు ఆవరణము దాటి నేరుగా ఆ పల్లమునకే పోవుచున్నది. ఒక యెకరము కప్పుపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినను, 40,000 లీటర్ల నీరగును. అది చేనుగా నున్నప్పుడు అందులో చాల భాగము నేలయే త్రాగెడిది. వేపమొక్కలను నాటిన చేతులే ఈ నీటిని అటు త్రోసినవి.

యజమాని దుర్మార్గుడు కాడు. మమ్ము ఆదరముతో కూర్చుండబెట్టెను. “అన్నీ అనుమతితో కట్టినవే మాస్టారూ, కాలువ తీయించడం పంచాయతీ పని కదండీ” అనెను. అనుమతి యున్నమాట నిజము కావచ్చును. కాని చట్టము విడిచిన చోటెల్ల నిర్దోషమైన చోటు కాదు. ఓజోనుపొరకు హాని చేయునని మిథైల్ బ్రోమైడును ప్రపంచదేశములు సాధారణోపయోగమునుండి తొలగించినను, ఎగుమతి సరకుల పురుగులను చంపుటకు మినహాయింపు మిగిలియున్నది. మినహాయింపు కాగితముమీద వ్రాయబడినదని ఆ వాయువు తన గుణమును మార్చుకొనునా?

వాటాదారులు వేలమంది గల కంపెనీలో మేనేజరు “నా చేతిలో లేదు” అని తప్పించుకొనవచ్చును. ఇచ్చట ముగ్గురన్నదమ్ములు రాత్రి భోజనమువేళ మాటలాడుకొన్న చాలును. మఱునాడు పని మొదలగును. కుటుంబసంస్థ కున్న గొప్పయు, తప్పించుకొనలేని భారమును ఇదియే. సరకు నిచ్చినవాని చేతిలో రసీదున్నది. గాలిని, నేలను, వాననీరు పోవు దారిని అప్పగించిన ఊరివారి చేతిలో నేమున్నది?

ఇంకుడుగుంతలు త్రవ్విన రెండు లారీలు నిలుచు చోటు పోవునని యజమాని లెక్క చెప్పెను. ఆ లెక్క తప్పని మేమనలేము. ఆ బాలిక యింట తడిసిన బియ్యమును వ్రాయుటకు మాత్రము అతని పద్దుపుస్తకమున కాలము లేదు.

రాబోవు వేసవిలో మరల మొక్కల సభ జరుగునట. ప్రసంగమునకు మమ్మే పిలిచిరి. వచ్చెదమనియు, ఈమాఱు ఓడను గూర్చి గాక ఆ వాడ నీటిని గూర్చి మాటలాడెదమనియు జాబు వ్రాసితిమి. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు.