కోపం లేని ధైర్యం

మీదికి వచ్చిన ఆపదను ఎదుర్కొనే వేళ మనిషి మనసు ఎలా ఉండాలన్న ప్రశ్నపై ఒమన్‌లో వేళ్లూనుకొన్న ఇబాదీ ఇస్లాం సాగించిన ఆలోచన తెలుగు పాఠకులకు అంతగా పరిచయం లేనిదే అయినా, మస్కట్ గవర్నరేట్‌లోని బౌషర్ విలాయత్‌లో, అంటే ఆ పేరుగల పాలనా విభాగంలో, బతుకుతెరువు వెతుక్కొన్న తెలుగువారికి అది చాలా దగ్గరగా వస్తుంది.

ఇబాదీ పండితులు ధర్మం నిలిచే స్థితులను నాలుగుగా చెప్పారు: విశ్వాసం బహిరంగంగా పాలన సాగించే జుహూర్, దాడి జరిగినప్పుడు సమాజం ఒక నాయకుని వెంట కూడి కాచుకొనే దిఫా, కనీసం నలభై మంది ప్రాణాలకు తెగించి అన్యాయాన్ని ఎదిరించే షిరా, బలం చాలనప్పుడు విశ్వాసాన్ని గుట్టుగా కాపాడుకొనే కిత్మాన్. ఈ విభజన వ్యక్తికి కాక సమాజానికి సంబంధించినదే గాని, కాలం కోసం గుట్టుగా కాచుకోవడాన్ని పిరికితనంగా జమకట్టక ధర్మసమ్మతమైన స్థితిగా గుర్తించడంలో ఒంటరి మనిషికీ పనికివచ్చే సూక్ష్మం ఉంది.

ఇబాదీలు పూజ్యునిగా తలచే అబూ బిలాల్ మిర్దాస్ కథలో ఆపద వేళ మనసు ఎలా ఉండాలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఏడవ శతాబ్దంలో బస్రా పాలకుని క్రౌర్యం భరించలేక నలభై మందితో ఊరు విడిచిన ఆయన, తమపై కత్తి ఎత్తినవారిపై తప్ప కత్తి ఎత్తబోమని ప్రకటించాడని, దారిలో ప్రభుత్వ ధనం చేజిక్కినా తమవారికి రావలసిన భత్యం మాత్రం లెక్కకట్టి తీసుకొని మిగతాది వదిలేశాడని సంప్రదాయం చెబుతుంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషి ఆ లెక్క చూసుకోగలిగాడంటే, భయాన్నే కాదు, పగను కూడా అదుపులో ఉంచుకొన్నాడన్నమాట.

భయాన్నీ కోపాన్నీ గెలవాలన్న ఈ మాట మన గ్రంథాలలోనూ ఉంది: భగవద్గీత పదహారో అధ్యాయం దైవీ సంపదను, అంటే మనిషిని పైకి తెచ్చే గుణాలను, అభయంతో మొదలుపెట్టి, క్రోధాన్ని ఆసురీ సంపదలో చేర్చింది. చంపవచ్చిన ఆతతాయిని, అనగా ఆయుధంతో మీదపడే దుండగుని, ఎదిరించి చంపినా దోషం లేదని మనుస్మృతి అనుమతించింది గాని, ఆ క్షణంలో మనసు పట్టు తప్పకుండా ఎలా ఉంటుందో అనుమతి ఒక్కటే నేర్పలేదు.

కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికి గల్ఫ్ వెళ్లిన స్త్రీలలో కొందరికి ఈ ప్రశ్న పుస్తకాలలోది కాదు. పాస్‌పోర్టు కఫీల్, అంటే పూచీపడి పనిలో పెట్టుకొన్న యజమాని, బీరువాలో ఉండి, భాష రాక, తలుపు బయట గడియ పడిన ఇంట్లో చేయి ఎత్తడం ఆత్మరక్షణ కాకపోవచ్చు. కన్నీళ్లు దిగమింగి, ముఖంలో ఏమీ కనపడనీయక, ఫోన్ నంబరు కంఠతా పట్టి, బౌషర్ పరిధిలోని అల్ ఖువైర్‌లో భారత రాయబార కార్యాలయం ఉందని గుర్తుంచుకోవడమే ఆమె కిత్మాన్. అణిగిమణిగి ఉండడానికీ దీనికీ తేడా లోపల ఉంది: తాను కాపాడుకోదగిన మనిషినన్న నిశ్చయం ఆమెలో చెదరలేదు.

అయితే ఈ నిశ్చయాన్ని పొగుడుతూ, అది లేనందువల్లే దెబ్బలు తిన్నదని బాధితురాలిని నిందించడం ఘోరమైన అన్యాయం. 2003 నాటి ఒమన్ కార్మిక చట్టం ఇంటి పనివారిని తన పరిధిలోకే తీసుకోలేదు. ఆ ఖాళీని పూడ్చే భారం ఒంటరి స్త్రీ గుండెనిబ్బరంపై మోపదగినది కాదు, ఆమెను పంపిన దేశమూ పనిలో పెట్టుకొన్న దేశమూ కలిసి మోయవలసినది.