కొలరాడో ఉప్పు ఎవరి రుణం?

ఎవరూ కావాలని కీడు చేయకపోయినా ఒకరికి నష్టం జరిగితే, దాన్ని తీర్చవలసింది ఎవరు? ధర్మశాస్త్రాలంత పాత ప్రశ్న ఇది. అమెరికాలోని కొలరాడో నది దీన్ని అరవై ఏళ్లుగా అడుగుతూనే ఉంది. ఏడు రాష్ట్రాల నీళ్లు కలుపుకుని మెక్సికోలోకి దిగే ఈ నది దాదాపు నాలుగు కోట్ల మందికి ఆధారం. 1944 ఒప్పందం ప్రకారం అమెరికా ఏటా 15 లక్షల ఎకరా అడుగుల నీళ్లు, మన లెక్కలో సుమారు 65 టీఎంసీలు, మెక్సికోకు వదలాలి. ఆ నీళ్లలో ఉప్పు ఎంతకు మించకూడదో ఒప్పందం చెప్పలేదు. 1961లో అరిజోనాలోని వెల్టన్‌-మొహాక్ ఆయకట్టులో పొలాల కింద పేరుకున్న ఉప్పునీటిని తోడి నదిలోకి వదలడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి మెక్సికోకు చేరే నీటిలో లవణాలు లీటరుకు సుమారు 800 మిల్లీగ్రాముల నుంచి 1500 దాకా ఎగబాకాయి. కాగితం మీద వాటా తగ్గలేదు. మెహికాలీ లోయలో మాత్రం పంటలు దెబ్బతిన్నాయి, నేలలు చౌడుబారాయి.

మెక్సికో పదేళ్లకు పైగా మొరపెట్టుకున్నాక 1973లో ఇరుదేశాలు, ఎగువ నీటితో పోలిస్తే మెక్సికోకు చేరే నీటిలో ఉప్పు ఎంత పెరగవచ్చో ఒక హద్దు పెట్టుకున్నాయి. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ కొలరాడో బేసిన్ లవణ నియంత్రణ చట్టం చేసింది. నేటి పథకాల ఖర్చులో ఎక్కువ భాగం కేంద్ర ఖజానా భరిస్తుంది. మిగతాది ప్రధానంగా నది మీది జలవిద్యుత్ ఆదాయంతో నడిచే రెండు బేసిన్ నిధుల నుంచి వస్తుంది. ఈ డబ్బును పొరుగువాడి మీద దయగానో, రైతులకిచ్చే రాయితీగానో చూసేవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో ఇది రుణం. శతపథ బ్రాహ్మణం మనిషి పుట్టుకతోనే నాలుగు రుణాలు మోస్తాడంటుంది: దేవతలకు, ఋషులకు, పితరులకు, సాటి మనుషులకు. ఆ రుణం నేరం చేసినందుకు పడిన జరిమానా కాదు. ఒకరి వల్ల బతుకుతున్నందుకు మెడకు చుట్టుకున్న బాధ్యత. ఎగువన నీళ్లు వాడుకునే ప్రతి ఒక్కరూ దిగువవాడికి అలాగే బాకీ పడతారు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. కొలరాడో ఉప్పులో దాదాపు సగం మనిషి కలిపింది కాదు. ఒకనాటి సముద్రగర్భంలో ఏర్పడిన మాంకోస్ షేల్ రాతి పొరల నుంచి, ఉప్పు ఊటల నుంచి అది తనంతట తానే కరిగి వస్తుంది. ప్రకృతి చేసినదానికి ప్రభుత్వం ఎందుకు చెల్లించాలి? నిజమే, ఉప్పు ప్రకృతిదే. కానీ ఆ ఉప్పును పలుచన చేయవలసిన నీళ్లను మళ్లించుకున్నది మనుషులు. జలాశయాల్లో నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. ఎగువ కాలువల్లో ఇంకిన నీళ్లు షేల్ పొరల్లోంచి మరింత ఉప్పు కరిగించుకుని నదిలో చేరతాయి. లాభం తాము పంచుకుని నష్టాన్ని ప్రకృతి ఖాతాలో రాయడం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం ఇంకా ఇబ్బందికరమైనది. ఉప్పు పెంచిన రైతుకే సర్కారు డబ్బుతో పైపులు, స్ప్రింక్లర్లు ఇస్తే అది తప్పుకు బహుమానం కాదా? రైతు కూడా కొంత మోయాలి, అందులో సందేహం లేదు. అయితే ఎవరి పొలం నుంచి ఎంత ఉప్పు దిగిందో విడదీసి వేలమందికి బిల్లులు పంపడం అయ్యే పని కాదు. పైగా అక్కడి ప్రధాన ఆనకట్టలు కట్టింది, సాగును ప్రోత్సహించింది కేంద్ర ప్రభుత్వమే. మెక్సికోకు మాట ఇచ్చిందీ అదే. ఆ విధానంతో దేశమంతా లాభపడినప్పుడు దేశమంతా చెల్లించడం సబబే.

అయితే ఒక బాకీని ఇంకొకరి నెత్తిన వేసి తీర్చకూడదు. కొలరాడో రాష్ట్రంలోని పారడాక్స్ లోయలో డొలోరెస్ నదిలోకి ఊరే ఉప్పునీటిని ముందే తోడి, నాలుగు కిలోమీటర్ల లోతుకు మించి భూమిలోకి ఎక్కించారు. ఏటా సుమారు లక్ష టన్నుల ఉప్పు నదిలో చేరకుండా ఆగింది. కానీ ఆ ఒత్తిడికి భూమి కంపించింది. 2019 మార్చిలో 4.5 తీవ్రతతో భూకంపం వచ్చాక పంపింగ్ ఆపేశారు. మరోవైపు వెల్టన్‌-మొహాక్ ఉప్పునీటిని నదిలో కలవకుండా పక్క కాలువలో మళ్లిస్తే, మెక్సికోలో సియెనగా దె సాంతా క్లారా అనే చిత్తడి నేల పచ్చబడి పక్షులకు నెలవైంది. ఆ ఉప్పునీటినే శుద్ధి చేసేందుకు కట్టి, 1992లో పూర్తిచేసిన యూమా నిర్లవణీకరణ కేంద్రాన్ని పూర్తిస్థాయిలో నడిపితే ఆ చిత్తడికి నీళ్లు తగ్గిపోతాయి. అందుకే టన్నుకు ఎంత ఖర్చయిందన్న లెక్క ఒక్కటే చాలదు. ఆ లెక్క బాకీ ఎలా తీర్చాలో చెబుతుందే తప్ప, ఎవరికి తీర్చాలో చెప్పదు.

ఇప్పుడు కరువుతో జలాశయాలు అడుగంటుతున్నాయి. నీళ్లు తగ్గితే ఉప్పు చిక్కబడుతుంది. విద్యుత్ ఆదాయం తగ్గి నియంత్రణకు డబ్బూ తగ్గుతుంది. అవసరం పెరిగినప్పుడే తరిగిపోయే నిధి మీద ధర్మాన్ని నిలబెట్టలేం. ఉప్పు నియంత్రణను మిగిలితే ఇచ్చే ఖర్చుగా కాక, బడ్జెట్‌లో ముందుగా తీర్చవలసిన బాకీగా రాయాలి. వాటా అంటే కొలిచిన నీళ్లు కాదు, పంట పండించే నీళ్లు. అంతకన్నా తక్కువ ఇచ్చినవాడు మాట నిలబెట్టుకున్నట్టు కాదు.